పోయిన వస్తువు పేరు: అక్క

విమాన కంపెనీ పెద్దలకు,

కూడలి దగ్గర టైలరు నమస్కరించి రాస్తున్న ఉత్తరం. నేను క్షేమం అని రాయడం ఆనవాయితీ. నేను క్షేమంగా లేను. మీరు క్షేమమేనని మీ రేట్లు చూస్తే తెలుస్తోంది.

సంగతేమిటంటే, పోయిన నెల మా అక్కని దూరపు ఊళ్ళో ఆసుపత్రిలో చేర్చారు. సోమవారం సాయంత్రం డాక్టరు ఫోన్ చేసి, రెండు రోజులకి మించి చెప్పలేం, చూసేవాళ్ళు వచ్చి చూడండి అన్నాడు. బస్సులో అయితే మూడు రోజులు, విమానంలో రెండు గంటలు. మీ కౌంటరులో టికెట్టు రేటు కనుక్కున్నాను. నా దగ్గరున్నదానికి సరిపోతుంది. అక్కకి ఫోన్ చేసి "రేపొస్తున్నా" అని మాటిచ్చాను. తనకోసం కుడుతున్న గౌను పూర్తిచేసుకుని, ఉన్నదంతా పోగుచేసుకుని మంగళవారం పొద్దున్నే వస్తే రేటు మూడింతలైంది. మీరు కాకపోతే ఇంకొకరని మిగతా మూడు కంపెనీల కౌంటర్లకీ వెళ్ళాను. నాలుగు చోట్లా ఒకటే అంకె. చివర ఉన్న తొమ్మిదితో సహా.

బస్సెక్కాను. నేను దిగేసరికి మా అక్క పోయింది.

నాకు డబ్బు వెనక్కి వద్దు, నేనసలు ఇస్తేగా. ఆ మంగళవారం పొద్దున ఆ అంకె పెట్టిన మనిషెవరో చెప్పండి. ఒక్క పేరు చాలు. ఎవరి పుణ్యమా అని మాట తప్పానో తెలుసుకుంటాను.

ఇట్లు,
టైలరు

తా.క. మీ కౌంటరులో కూర్చున్నాయన కోటు ఎడమ భుజం కిందికి జారింది. అది కుట్టినవాడి పేరు కూడా చెబితే సంతోషిస్తాను.


ఫిర్యాదు సంఖ్య 4417

గౌరవనీయులైన ప్రయాణికునికి,

మీ ఉత్తరము అందినది. మీ అక్క పోయినందుకు మిక్కిలి చింతిస్తున్నాము. మా వద్ద పోయినవాటిలో నూటికి తొంభైమూడు తిరిగి దొరుకుచున్నవని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము.

జతపరచిన ఫారములో పోయిన వస్తువు రంగు, బరువు, గుర్తులు, చివరిసారి చూసిన చోటు మొదలగు వివరములు నింపి పంపగలరు. తొమ్మిదవ ప్రశ్న, అనగా "లోపల ఏమేమి ఉన్నవి" అనుదానికి జవాబు స్వదస్తూరితో వివరముగా రాయవలెను. ఒక్క గడి ఖాళీగా ఉన్ననూ ఫైలు కదలదు, మూయబడదు.

ఇట్లు,
గుమాస్తా, పోయిన వస్తువుల విభాగము

తా.క. ఇరవైయొక్క రోజులలో దొరకనిచో మీ అక్క పోయినట్లుగానే భావించబడును.


గుమాస్తా బాబుకి,

మీ ఉత్తరం చదివాక ఆ పూట కత్తెర పట్టుకోలేకపోయాను. పక్కకొట్టు టైలరు లాక్కుని చదివి పగలబడి నవ్వాడు. నా మొహం చూసి మధ్యలో ఆపేశాడు.

పోయింది అంటే ఎక్కడో పెట్టి మర్చిపోయానని కాదు బాబూ. చచ్చిపోయింది. ఆ మాట రాయడానికి చెయ్యి రాక, పోయింది అని రాశాను. మీరే రాయించారు.

అయినా గడి ఖాళీగా ఉంటే ఫైలు కదలదన్నారు. కదలకపోతే నాకు పేరు రాదు. అందుకని నింపుతున్నాను.

వస్తువు పేరు: అక్క.
రంగు: చామనఛాయ.
బరువు: చివర్లో ముప్పై ఆరు కిలోలు. అంతకుముందు బొద్దుగా ఉండేది.
గుర్తులు: ఎడమ బొటనవేలి మీద సూది దిగిన మచ్చ. మిషను నేర్చుకుంటూ నేను చేసిన ఘనకార్యం.
చివరిసారి చూసిన చోటు: రెండేళ్ళ కిందట, నా కొట్టు గుమ్మంలో. "బక్కచిక్కిపోయావురా" అంది.
తాళం ఉన్నదా: ఒకరి మాట ఇంకొకరికి చెప్పే మనిషి కాదు. ఉందనే రాసుకోండి.
వెంట ఉన్న సామాను: ఒక గౌను. ఒంటికి పెట్టిన ట్యూబులు కదపక్కర్లేకుండా వేసుకోవడానికి ముందువైపు గుండీలు పెట్టాను. వాడలేదు.

తొమ్మిదో ప్రశ్నకి ఆ గడి చాలలేదు. వేరే కాగితం మీద రాసి గుండుసూది గుచ్చాను.

ఇవన్నీ సరే. పేరు చెప్పండి.

ఇట్లు,
టైలరు

తా.క. మా అక్క మీ విమానం ఎక్కలేదు. నేనూ ఎక్కలేదు. ఎక్కనివాళ్ళవి కూడా పోగొట్టడం ఎలా వచ్చిందో మీకు.


ఫిర్యాదు సంఖ్య 4417

గౌరవనీయులైన ప్రయాణికునికి,

శుభవార్త. మీ వివరములతో సరిపోలు వస్తువు ఒకటి దొరికినది. చామనఛాయ రంగు తోలుసంచి. ఎడమవైపు సూదితో గీసినట్లు మచ్చ, తాళము కలవు. విమానము ముందువరుసలో సీటు కింద లభించినది. బరువు మాత్రము నాలుగు కిలోలే ఉన్నది. దారిలో బరువు తగ్గుట అరుదు కాదు. వచ్చి మీ అక్కను గుర్తుపట్టగలరు.

ఇక ధరల విషయము. మా కంపెనీలో ధరలను ఏ వ్యక్తీ నిర్ణయించరు. మార్కెట్ నిర్ణయించును.

ఇట్లు,
గుమాస్తా, పోయిన వస్తువుల విభాగము

తా.క. తొమ్మిదవ ప్రశ్నకు మీరు పంపిన కాగితము తడిసి, సిరా అలుక్కుపోయినది. పొడి కాగితము మీద మరల రాసి పంపగలరు.


గుమాస్తా బాబుకి,

ఆ సంచి నాది కాదు. భద్రంగా ఉంచండి, పోగొట్టుకున్నవాడు ఎక్కడో వెతుక్కుంటూ ఉంటాడు.

మార్కెట్ నిర్ణయిస్తుందన్నారు. ఆ మార్కెట్ గారు మీ ఆఫీసులో ఏ అంతస్తులో కూర్చుంటారు? ఈ కబుర్లు ఇంకెవరికైనా చెప్పండి బాబూ. నేనూ ఒకప్పుడు మార్కెట్‌నే.

మా వీధిలో టైలర్లం నలుగురం. ఆరేళ్ళ కిందట వెనకసందు టీకొట్టులో కూర్చుని కుట్టుకూలి అందరం ఒకేరోజు పెంచేద్దామని అనుకున్నాం. నాలుగు బోర్డులూ ఒకే పెయింటరు రాశాడు. తిలాపాపం తలా పిడికెడు. ఎవరైనా అడిగితే దారం రేటు పెరిగిందనేవాళ్ళం. నిజానికి ఆ ఏడు దారం తగ్గింది. అందుకే నాలుగు కౌంటర్లలో ఒకటే అంకె కనబడగానే నాకు అర్థమైపోయింది. పాము కాళ్ళు పాముకే ఎరుక.

అప్పట్లో ఒకావిడ కూతురి బడి బట్టలు కుట్టించుకోవడానికి గుడ్డ తెచ్చింది. రేటు విని మిగతా మూడు కొట్లూ తిరిగి, మళ్ళీ నా దగ్గరికే వచ్చి బల్ల మీద కూర్చుంది. కాసేపటికి గుడ్డ మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ మంగళవారం నేనూ మీ నలుగురి దగ్గరికీ తిరిగి, మళ్ళీ మీ కౌంటరు ముందుకే వచ్చి బల్ల మీద కూర్చున్నాను. అప్పుడు ఆవిడ గుర్తొచ్చింది. నాకు సిగ్గేసింది.

నిన్న నా బోర్డు చెరిపేసి పాత రేటు రాశాను. మిగతా ముగ్గురూ నాతో మాటలు మానేశారు. ఆవిడ ఎప్పుడైనా వచ్చి ఎవరు చేశారని అడిగితే, నేనే అమ్మా అని చెప్తాను. మీ పెద్దల్ని కూడా అంతే అడుగుతున్నాను.

తొమ్మిదో ప్రశ్న మళ్ళీ రాస్తున్నాను.

లోపల ఏమేమి ఉన్నవి: అమ్మ పోయినప్పుడు అక్కకి పన్నెండేళ్ళు. బడి మానేసి మిషను తొక్కి నన్ను పెంచింది. అన్నం ఒక్కరికే ఉన్న రోజున "నేను తినేశాన్రా" అనేది. ఆ అబద్ధాలన్నీ లోపల ఉన్నాయి. నన్ను తిట్టాలనుకుని దాచుకున్న తిట్లు ఉన్నాయి. బుధవారం సాయంత్రం నర్సు దీపం ఆర్పబోతే "ఉండనీ, మా తమ్ముడొస్తాడు" అందట. ఆ మాట కూడా లోపలే ఉంది. దాన్ని తీసి నాకివ్వడం మీ విభాగం వల్ల కాదు.

ఇట్లు,
టైలరు

తా.క. ఆ కాగితం తడిసింది కన్నీళ్ళతో కాదు. ఇస్త్రీపెట్టె నీళ్ళు పడ్డాయి.


మాస్టారికి,

ఇది కంపెనీ కాగితం కాదు, మా చిన్నదాని డ్రాయింగు పుస్తకంలోంచి చింపింది. వెనకవైపు ఏనుగు ఉంటుంది, ఏమీ అనుకోకండి. నేను బాబుని కాదు, ఇద్దరు పిల్లల తల్లిని.

తప్పు నాది. ఉత్తరంలో పోయింది అన్న మాట కనబడితే చాలు, మా విభాగానికి తోసేస్తారు. అచ్చు ఉత్తరాల్లో ఖాళీలు నింపడం నా పని. తొమ్మిదేళ్ళుగా నింపీ నింపీ, చదవడం మానేశాను. మీ పొడి కాగితం మాత్రం చదివాను. చదివి బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. మా ఆఫీసులో ఇస్త్రీపెట్టె లేదు మాస్టారూ.

మర్నాడు ఆ తోలుసంచి కోసం మనిషొచ్చాడు. మా కంపెనీలోనే ధరల విభాగానికి పెద్ద. "నేనెవరో తెలుసా?" అన్నాడు. "తెలుసండి, ఫారం నింపండి" అన్నాను. తొమ్మిదో గడిలో "కాగితాలు" అని రాశాడు. "అది చాలదండి. ఒక టైలరు గారు వాళ్ళక్క గురించి పేజీ నిండా రాశారు" అన్నాను. అవతల విమానానికి వేళైపోతోంది. విసుక్కుంటూ బరబరా రాసేశాడు: "నీలం అట్ట నోటుబుక్కు. నాలుగు కంపెనీలూ మంగళవారం నుంచి పెట్టాల్సిన ధర, నలుగురం కూర్చుని అనుకున్నది. నా దస్తూరీ." కింద సంతకం, పేరు. నియమం ప్రకారం ఆయన ఎదురుగానే సంచి తెరిచి సరిచూశాను. ఆ అంకె చివర తొమ్మిది ఉంది మాస్టారూ.

సంచి ఆయన పట్టుకెళ్ళాడు. ఫారం నేను ధరల విచారణ సంఘానికి పట్టుకెళ్ళాను. మీ ఉత్తరాలు కూడా ఇచ్చాను, అడక్కుండా ఇచ్చినందుకు క్షమించండి. నోటుబుక్కు ఏదని వాళ్ళడిగితే, పోయింది అన్నాడట. పోతే మా విభాగానికి రావాలి కదా, రాలేదు. తాము ఏ తప్పూ చెయ్యలేదని నలుగురూ అంటున్నారు. అంటున్నారే గానీ, దొంగకు తేలు కుట్టినట్టే ఉంది. వచ్చే నెల నలుగురూ సంఘం ముందు నిలబడి జవాబు చెప్పాలి. ఏం తేలుతుందో తెలియదు. అది తేలేదాకా నన్ను ఆఫీసుకి రావద్దన్నారు.

మీరడిగిన పేరు, జతచేసిన ఫారం నకలు అడుగున ఉంది. అది చూస్తే మీకు కాస్తయినా ఊరట కలుగుతుందేమో నాకు తెలియదు. అక్కయ్యగారు దీపం ఆర్పనివ్వకుండా ఎదురుచూశారు. దానికి ఎవరు జవాబు చెప్పినా చాలదు.

ఇట్లు,
పోయిన వస్తువుల గుమాస్తా
(ప్రస్తుతానికి ఆ జాబితాలో నేనూ ఉన్నాను)

తా.క. నేను బయటికి వచ్చేసే రోజున మీ ఫైలు మూసెయ్యమని పైనుంచి ఆర్డరొచ్చింది. అన్ని గడులూ నిండాయి, ఆఖరిది తప్ప: "వస్తువు యజమానికి చేరినదా?" చేరింది అని రాయలేను. చేరలేదు అని రాస్తే మూసేస్తారు. అందుకని ఖాళీగా వదిలేసి వచ్చాను. మీ అక్క ఫైలు మూయడానికి వాళ్ళకి నియమం ఒప్పుకోదు.