మణికట్టు నొప్పి

ఫిబ్రవరి 4

షెడ్యూల్ పూర్తయింది. ఫ్రిజ్ పక్క గోడకి అతికించాను. ఆస్పత్రిలో అన్ని వార్డుల నర్సులకీ డ్యూటీలు వేసేదాన్ని, కన్నకూతురి గోల్ఫ్ పోటీలకి ఒక షెడ్యూల్ వేసుకోలేనా? పచ్చ స్టిక్కర్ అంటే సులువుగా గెలిచే పోటీ. ఎరుపు అంటే గట్టి పిల్లలందరూ వచ్చిపడే పోటీ. నీలం అంటే స్కూలు పరీక్షలు, ఆ రోజుల జోలికి పోకూడదు.

సెప్టెంబర్ దాటితే కాలేజీ జట్లలో ఖాళీలు ఉండవు. మా పిల్ల కోరుకున్న కాలేజీలో ఆడపిల్లల జట్టులో ఈ ఏడు ఒకటే ఖాళీ. అదొక్కటే కావాలట, ఇంకో కాలేజీ పేరెత్తితే గదిలోకి వెళ్లిపోతుంది. ఆట మైదానాల్లో గడ్డి ఎలా పెంచాలో నేర్పే కోర్సు అక్కడ ఉందట. గడ్డి చదవడానికి కాలేజీ ఎందుకే అని వాళ్ల నాన్న నవ్వారు. పిల్ల నవ్వలేదు. మైదానం మీద వంగి గడ్డి పీకి, వేళ్ల మధ్య నలిపి వాసన చూసే పిల్ల అది. జట్టులోకి తీసుకుంటేనే ఆ కాలేజీ. ఉత్త మార్కులతో రాదు, పోటీల్లో మంచి ర్యాంకు ఉండాలి.

షెడ్యూల్ చూసి మాస్టారు పెదవి విరిచారు. పిల్లకి పదేళ్ల వయసు నుంచీ గోల్ఫ్ నేర్పుతున్నారాయన. పచ్చవి మరీ ఎక్కువయ్యాయి, గట్టివాళ్లతో ఆడి నాలుగు ఓటములు తింటేనే ఆట వస్తుంది అన్నారు. ఓడటానికి జీవితమంతా ఉంది, సెప్టెంబర్ దాకా మాత్రం కుదరదని చెప్పాను.

పిల్ల గోడ ముందు నిలబడి, పళ్లు తోముకుంటూ అంతా చదివి, సరే అంది. నేను ఏది పెట్టినా సరే అంటుంది. ఇలాంటి పిల్ల ఎంతమందికి దొరుకుతుంది?

మార్చి 11

పచ్చ పోటీ. వచ్చిన ఆడపిల్లలు ఒక చిన్న బల్ల చుట్టూ పట్టేంతమంది. అందులో ఒకమ్మాయి బంతి కంటే నేలనే ఎక్కువ కొట్టింది. మా బొంగరం ఫస్ట్. చిన్నప్పుడు క్లబ్, అంటే గోల్ఫ్ కర్ర, ఊపిన ఊపుకి తనే గిర్రున తిరిగి కింద పడేదని వాళ్ల నాన్న పెట్టిన పేరు అది.

కప్పు పట్టుకుని ఫోటోలో నవ్వలేదు. ఏమిటే ఆ ముఖం అంటే, రెండో స్థానం పిల్ల నిన్ననే జ్వరం నుంచి లేచిందట. అయితే ఏం? ఫోటో చుట్టాలందరికీ పంపేశాను. ఎంతమంది ఆడారని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. చెప్పకపోవడం కాస్త గుచ్చుకుంది, అది వేరే సంగతి.

ఏప్రిల్ 19

రేపు మొదటి ఎరుపు. బ్యాగు రెండుసార్లు సర్దాను, ఆడేది నేనైనట్టు.

పోటీల నిబంధనలన్నీ కూర్చుని చదివాను. సందులు వెతకడం నా ఉద్యోగంలో అబ్బిన విద్య. దెబ్బ తగిలి ఆట మధ్యలో తప్పుకుంటే ఆ రౌండు ర్యాంకు లెక్కలోకి రాదు. ఎంత చెత్తగా ఆడినా సరే, రానే రాదు. కారులో పిల్లకి చెప్పాను. ఆట మరీ పాడైపోతే మణికట్టు నొప్పి అని చెప్పి వచ్చెయ్యి. ఎప్పుడు రావాలో నేను చూసుకుంటాను.

మైదానం చుట్టూ కట్టిన తాడు అవతల నిలబడిన తల్లిదండ్రులు ఆడేవాళ్లకి ఒక్క సలహా ఇచ్చినా పెనాల్టీ పడుతుంది. కానీ గొడుగు తెరవకూడదని ఎక్కడా లేదు. మా పసుపు గొడుగు ఎంత దూరం నుంచైనా కనిపిస్తుంది. తెరిచానంటే వచ్చెయ్యాలి.

పిల్ల కిటికీలోంచి రోడ్డు చూసింది. తర్వాత, ఏ చెయ్యి అనాలి అని అడిగింది.

ఎడమది అన్నాను. కుడి చేత్తో పరీక్షలు రాయాలి కదా.

ఏప్రిల్ 20

గొడుగు తెరిచాను.

రెండుసార్లు బంతిని మైదానం మధ్య చెరువు నీళ్లలో వేసింది. మూడోసారి కూడా వేస్తుందని ఆ భుజాలు చూస్తేనే తెలిసిపోయింది. ఎండ లేదు, వాన లేదు. పక్కనున్న ఒకాయన నన్నూ ఆకాశాన్నీ మార్చి మార్చి చూశాడు.

పిల్ల ఎడమ మణికట్టు పట్టుకుని రెఫరీ దగ్గరికి వెళ్లింది. ముసలాయన. పరుగున పోయి ఐసు తెచ్చి, గుడ్డలో చుట్టి, తనే కట్టాడు. గట్టిగా కట్టానా తల్లీ అని అడిగాడట. ఇది ఆయనకి థాంక్స్ చెప్పింది.

ఇంటికి వచ్చేదాకా ఆ కట్టు విప్పలేదు. ఇక తీసెయ్యి, ఎవరూ చూడటం లేదు అన్నాను. పరవాలేదు, చల్లగా బాగుంది అంది. ర్యాంకు చెక్కుచెదరలేదు. దానికి సంతోషించాలని చూశాను కానీ కుదరలేదు.

ఏప్రిల్ 21

వాళ్ల నాన్న పిల్ల చేతికేమైందని అడిగారు. బెణికిందని చెప్పాను. తన కళ్లజోళ్ల షాపుకి ఆలస్యమవుతున్నా కూర్చుని, బామ్ రాసి, వేలు వేలూ లాగి మర్దన చేశారు. పిల్ల చెయ్యి చాపి కూర్చుంది. నేను వంటింట్లోంచి బయటికి రాలేదు.

జూన్ 7

మళ్లీ గొడుగు. ఈసారి పిల్లే ముందు నా వైపు చూసింది.

జూలై 2

ర్యాంకు ఎక్కడికో పైకి వెళ్లిపోయింది. ఆ కాలేజీ కోచ్ మెయిల్ రాసింది. ఆగస్టు పోటీకి వచ్చి పిల్ల ఆట స్వయంగా చూస్తుందట. మెయిల్ ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. ఆస్పత్రిలో ఒక నర్సుకి రెండు నైట్ డ్యూటీలు వరసగా వేసేసి తిట్లు తిన్నాను.

మాస్టారు పిల్ల మణికట్టు పట్టుకుని అటు తిప్పి, ఇటు తిప్పి, నొక్కి చూశారు. బాగానే ఉందే అన్నారు. తర్వాత నా వైపు చూశారు. ఆ తర్వాత ఎండల గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. నేను అవసరమైన దానికంటే ఎక్కువసేపు ఎండల గురించి మాట్లాడాను.

ఆగస్టు 16, ఉదయం

హోటల్ గది. పిల్ల పాలు సగం తాగింది. బూట్ల అడుగున ఎండిపోయిన గడ్డిని అగ్గిపుల్లతో తీసుకుంటోంది. మబ్బుగా ఉంది. గొడుగు బ్యాగులోనే ఉంది. ఈ రోజు దాంతో పనిపడకూడదని కోరుకుంటున్నాను.

మధ్యాహ్నం, కార్ పార్కింగ్‌లో

ఇది రాయాలని లేదు. అయినా రాస్తాను.

కాలేజీ కోచ్ పొట్టిగా, తలకి టోపీ, చంకలో మడత స్టూలు. నా పక్కకే వచ్చి కూర్చుంది. బాగా ఆడిన రోజుల సంగతి కంప్యూటర్లో కనిపిస్తుంది, దానికోసం ఇంత దూరం రానక్కర్లేదు, ఒక చెడ్డ దెబ్బ తర్వాత పిల్ల ఏం చేస్తుందో చూడటానికే వస్తాను అంది. గొడుగున్న బ్యాగుని కాలితో వెనక్కి జరిపాను.

అప్పటికే మా పిల్ల బంతి, మొత్తం పద్దెనిమిదిలో పదకొండో హోల్ దగ్గర, ఇసుక గుంటలో పడింది. ఒకసారి కొట్టింది, బంతి రాలేదు. రెండోసారీ రాలేదు. మూడోసారికి వచ్చింది. ఏడవలేదు, క్లబ్ విసరలేదు. బూట్ల ఇసుక దులుపుకుని పన్నెండో హోల్‌కి నడిచి, మొదటి దెబ్బ సూటిగా, చూడముచ్చటగా కొట్టింది. ఇది నాకు నచ్చింది అంది కోచ్. ఆ మాటే అంది. నా చెవులారా విన్నాను.

అప్పుడే చినుకులు మొదలయ్యాయి. ఆవిడ దగ్గర గొడుగు లేదు. పిల్లని మెచ్చుకున్న మనిషి తడుస్తుంటే ఊరుకుంటానా? మర్యాద పొంగుకొచ్చింది. పసుపు గొడుగు తీసి, ఆవిడ నెత్తిమీద పట్టుకున్నాను.

పిల్ల అప్పుడు తలెత్తింది. మా ఇద్దరినీ చూసింది. చేతిలో క్లబ్‌ని మెల్లగా బ్యాగులో పెట్టేసింది. కుడి చేత్తో ఎడమ మణికట్టు పట్టుకుంది.

టక్కున గొడుగు మూసేశాను, మూసేస్తే జరిగింది వెనక్కి పోతుందన్నట్టు. రెఫరీ అప్పటికే దాని వైపు నడుస్తున్నాడు. అయ్యో పాపం, ఏమైంది అని కోచ్ లేచి నిలబడింది. తర్వాత నా వైపు తిరిగి, వాన పడుతుంటే గొడుగు ఎందుకు మూశారని అడిగింది.

గొడుగు బ్యాగులో కుక్కేశాను. భూమి చీలి నన్ను లోపలికి లాక్కుంటే బాగుండుననిపించింది.

ఆగస్టు 17

నిన్న కారులో సగం దారి దాటాక పిల్ల నోరు విప్పింది.

"బాగానే ఆడుతున్నాననుకున్నానమ్మా. నువ్వు గొడుగు తెరిచేసరికి, కాదేమో అనుకున్నా."

వాన కోసం తెరిచానే అన్నాను. వాన పడిందా అని అడిగింది. నిజంగానే అడిగింది. ఆట ధ్యాసలో చినుకులు కూడా తెలియలేదు దానికి. తన కళ్లతో చూసిన ఆట కంటే నా గొడుగునే ఎక్కువ నమ్మింది. పదిహేడేళ్ల పిల్లని నేను ఇలా తయారు చేశాను.

ఆగస్టు 24

కాలేజీ కోచ్ మెయిల్. ఎంత మంచిగా రాసిందంటే, చదవలేకపోయాను. ఒకే మణికట్టు ఒకే ఏడాదిలో మూడుసార్లు, అందుకని జట్టు డాక్టర్ ఒప్పుకోవడం లేదట. ఉన్నది ఒక్క ఖాళీ. ముందు మంచి డాక్టర్‌కి చూపించండి, ఈ వయసులో చేతిని నిర్లక్ష్యం చేయకండి, మా వాళ్లలో ఒకమ్మాయి అలాగే ఆట పోగొట్టుకుంది అని రాసింది.

ర్యాంకు కాపాడబోయి పిల్లని అవిటిదాన్ని చేసి చూపించాను.

మధ్యాహ్నం ఒక నర్సు నడుము నొప్పి, రేపు సెలవు కావాలని వచ్చింది. మామూలుగా అయితే నొప్పి పుట్టుపూర్వోత్తరాలు లాగుతాను. ఏమీ అడగకుండా ఇచ్చేశాను. నొప్పి నిజమేనా అని అడిగే ముఖం ఇప్పుడు నాకు లేదు.

ఆగస్టు 25

నా బుర్ర ఊరుకోదు కదా. ఎముకల డాక్టర్ ఆస్పత్రిలో మా కారిడార్ చివరే కూర్చుంటాడు. మణికట్టు పూర్తిగా నయమైందని ఒక్క ముక్క రాయిస్తే చాలు, అన్నీ చక్కబడతాయి. పొద్దున టిఫిన్ దగ్గర ఈ మాట చెప్పాను. వాళ్ల నాన్న మంచి ఆలోచన అన్నారు పాపం, ఏమీ తెలియక.

పిల్ల ప్లేటు పక్కకి జరిపింది.

"లేని నొప్పి తగ్గిందని ఎలా చెప్తామమ్మా?"

ఆయన ఒక్క నిమిషం నన్ను చూశారు. తర్వాత పిల్ల చేతిని చూశారు. ఏప్రిల్ నుంచీ బామ్ సీసా ఆ బల్ల మీదే ఉంది. లేచి వెళ్లి చేతులు కడుక్కున్నారు. కుళాయి శబ్దం చాలాసేపు వినిపించింది. నన్ను ఒక్క మాట అని ఉంటే బాగుండేది.

ఆగస్టు 28

కోచ్‌కి నిజం రాశాను. పోటీలు నడిపే కమిటీకి కూడా. ఆలోచన నాది, గొడుగు నాది, పిల్లకి ఏమీ తెలియదు, నేను చెప్పినట్టు చేసింది అని రాశాను.

పంపే ముందు పిల్ల చదివింది. ఏమీ తెలియదు అన్న ముక్క కొట్టేసింది. ఏ చెయ్యి అనాలని అడిగింది నేనే కదా అంది. ఆ మాట తనే రాసింది, నా వాక్యం కింద, తన పేరుతో. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి ఎవరికీ పనికొచ్చేవి కావు.

సెప్టెంబర్ 2

కమిటీ ఆ మూడు రౌండ్లనీ ఓటమి కింద లెక్క కట్టింది. ర్యాంకు పాతాళంలో ఉంది. చుట్టాలకి ఫోటో పంపలేదు.

సెప్టెంబర్ 6

కోచ్ ఫోన్ చేసింది. నాకు కాదు, పిల్లకి. నేను తలుపు అవతల నిలబడ్డాను, అలవాటు పోలేదు. అవునండి, కాదండి తప్ప ఏమీ వినిపించలేదు.

బయటికి వచ్చి తనే చెప్పింది. ఆవిడ ఏ మాటా ఇవ్వలేదట. ఇంకో అమ్మాయిని దాదాపు అనుకున్నారట. అయినా నెలాఖరు పోటీకి వస్తుందట. స్కోరు ఎంతైనా సరే, చివరి హోల్ దాకా ఆడి, స్కోరు కార్డు మీద సంతకం పెట్టడం చూడాలందట.

ఫ్రిజ్ పక్క షెడ్యూల్ పిల్లే పీకేసింది. ఎరుపు స్టిక్కర్లు ఎక్కడున్నాయని అడిగింది. ఏవి ఎక్కడ అంటించాలో మాత్రం అడగలేదు.

నెలాఖరుకి నేను రానా వద్దా అని అడిగాను. రమ్మంది. గొడుగు ఇంట్లోనే వదిలేస్తాలే అన్నాను.

"తీసుకురా. తెరవకు."

సెప్టెంబర్ 27

మూడో హోల్ నుంచే కుండపోత. బంతి రెండుసార్లు నీళ్లలోకి, ఒకసారి చెట్లలోకి. ఇంత ఘోరంగా ఎప్పుడూ ఆడలేదు. మొదట్లో నా వైపు చూసేది. గొడుగు చంకలో పెట్టుకుని, తడుస్తూ నిలబడ్డాను. తొమ్మిదో హోల్ తర్వాత చూడటం మానేసింది.

చివరి దాకా ఆడింది. సంతకం పెట్టింది. కోచ్ స్టూలు మడిచి, తల ఊపి వెళ్లిపోయింది. ఆ తల ఊపుకి అర్థం మాకు తెలియదు.

ఇంటికొచ్చాక తడి గొడుగు ఆరబెట్టాలి. తెరవనా అని పిల్లని అడిగాను.

వద్దంది. తలుపు మూల అలాగే నీళ్లు కారుతూ ఉంది.