పిల్లితో అన్న మాట

శుక్రవారం, రాత్రి.

గుంతకల్లులో కొత్త ఇళ్లకు ఇటుకలు కాల్చే ఆసామి మళ్ళీ వచ్చాడు. మా చేని పైమన్ను కావాలట.

"మన్నే కదప్పా పోయేది, చేను యాడికీ పోదు" అన్నాడు. మామ సరేనన్నారు. రేపు బండ్లు వస్తాయి.

నిరుడు పక్కచేనిలో అలాగే తవ్వారు. తర్వాత వాననీళ్లు ఇంకనే లేదు, వేరుశనగ మొలకల్లోనే ఎండిపోయింది. ఆ మాట మామకు చెప్పాలి. ఈ ఇంట్లో కోడలు మామతో మాట్లాడదు.

సంగటి వడ్డిస్తూ, గడపలో కూర్చున్న పిల్లితో అన్నాను: "పైమన్ను పోతే వాననీళ్లు యాడ ఇంకుతాయే?"

మామ చేతిలో ముద్ద ఆగింది. ఆయనా పిల్లినే చూస్తూ, "దీనికి సేద్యం ఎవరు నేర్పినారప్పా" అన్నారు. నవ్వో కోపమో తెలియలేదు.

ఇప్పుడు పంచలో ఆయన దగ్గు వినిపిస్తోంది, నిద్రపోలేదు. బండ్లు వచ్చేలోపు మళ్లీ చెప్పాలి. అప్పటికి పిల్లి ఇంట్లో లేకపోతే నేరుగా ఆయనకే చెప్పాలి.