బరువైన యుకులేలే

బాబాయ్,

నువ్వు కొనిచ్చిన యుకులేలేను, అదే ఆ నాలుగు తీగల బుల్లి గిటారును, మార్చుకోవడానికి శనివారం వరకే గడువుంది. ఎదురుగా చెప్పడానికి నోరు రాక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేనడిగినట్టే అన్నిటికన్నా చిన్నదైన సొప్రానో రకమే తెచ్చావు. కానీ కొట్టతనితో, "బరువున్నది ఇవ్వవయ్యా, మా అమ్మాయి నాలుగు కాలాలు వాయించుకోవాలి" అన్నావట. పిన్ని చెప్పి ఒకటే నవ్వు. నువ్వు చేసే తలుపులకు ఆ లెక్క సరిపోతుంది. దీనికి మాత్రం చెక్క ఎంత పలచగా, తేలికగా ఉంటే అంత బాగా పలుకుతుంది. సోమవారం నుంచి బడిలో పిల్లలకు పాటలు నేర్పాలి. దీని చప్పుడు మూడో బల్ల దాటడం లేదు.

నువ్వు చిన్నబుచ్చుకుంటావేమోనని మూడు రోజులు ఆగాను. నేనొక్కదాన్నే వెళ్ళి మార్చుకురాలేను బాబాయ్. చెక్కను వేలితో తట్టి మంచిచెడ్డలు చెప్పడం ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు. నువ్వే వచ్చి ఎంచాలి. వస్తావో లేదో, నీకీ ఉత్తరం చదివిపెట్టే కలప డిపో గుమాస్తా చేతే గురువారంలోగా రాయించి పంపు.

నీ అమ్మాయి