గోడ వైపు కుర్చీ

మాజీ సైనికుల మత్తు విముక్తి, మానసిక చికిత్సా కేంద్రం పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఓపీ విభాగం నుండి కొట్టివేసిన నా పేరును తిరిగి చేర్చుకొనుటకును, చికిత్స గదిలో కుర్చీలన్నిటిని గోడకు ఆనించి వేయించుటకును విన్నపము.

మందుపాతరలు వెలికితీసే దళంలో పనిచేసి, కాళ్లూ చేతులూ సక్రమంగా ఉన్న కారణమున ఆరోగ్యవంతుడనని ధ్రువీకరింపబడి ఇంటికి పంపబడిన నేను మనవి చేసుకొనునది ఏమనగా:

1. తమ కేంద్రంలో ప్రతి మంగళవారం, మద్యానికి బానిసలైన మాజీ సైనికులను ఒక గదిలో కూర్చోబెట్టి మాట్లాడించుట ఆనవాయితీ. పాత కౌన్సిలరు గారు పదవీ విరమణ చేసేవరకు కుర్చీలు గోడ వెంట ఒకే వరుసలో ఉండేవి. అందరి వీపులూ గోడకు, అందరి కళ్లూ తలుపుకు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే చాలా మాట్లాడుకున్నాము. నేను తాగుడు మానింది ఆ వరుసలో కూర్చునే.

2. కొత్తగా వచ్చిన కౌన్సిలరు మేడం గారు మంచివారు, చదువుకున్నవారు. "ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటే మనసు విప్పుకుంటారు" అని కుర్చీలను గుండ్రంగా వేయించారు. అలా వేస్తే సగం మంది వీపులు తలుపు వైపుకు వస్తాయని ఆమెకు తట్టలేదు. చెప్పడానికి మాకు నోరు రాలేదు. తుపాకులకు ఎదురెళ్లినవాళ్లం, తలుపుకు వీపు పెట్టి కూర్చోవాలంటే భయమని ఆమెతో ఏ మొహం పెట్టుకుని చెబుతాం? ఆ సిగ్గే మా కొంప ముంచింది.

3. గుండ్రంగా వేశాక గోడకు ఆనే కుర్చీ ఒక్కటే మిగిలింది. దాని కోసం నేనూ, సైనిక లారీలు నడిపి వచ్చిన డ్రైవరూ పోటీ పడ్డాము. ఒక వారం అతడు ముందు వస్తే, మరుసటి వారం నేను ఇంకా ముందు వచ్చేవాడిని. చివరికి గేటు తాళం తీయకముందే ఇద్దరం బయట నిలబడి ఉంటే వాచ్‌మన్ చూసి, "ఏంటన్నా, కొత్త సినిమా టిక్కెట్లకొచ్చినట్టు వచ్చేశారు!" అని నవ్వాడు. మేమూ నవ్వాము. లోపల మాత్రం ఒకరినొకరు ఎలా తోసెయ్యాలా అని చూసుకుంటున్నాము.

4. సదరు సంఘటన జరిగిన దినమున ఆ కుర్చీ నాకు దక్కినది. డ్రైవరు తలుపుకు వీపు పెట్టి కూర్చున్నాడు. మెడ మీద చెమటలు కారుతున్నాయి. టీ పళ్లెం తెచ్చిన అటెండరు చేతులు ఖాళీ లేక తలుపును కాలితో తన్నాడు. అది వెళ్లి గోడకు కొట్టుకుంది. డ్రైవరు లేస్తూనే తన కుర్చీ ఎత్తి అటెండరు మొహాన కొట్టాడు. దవడ ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. ఆ తర్వాత నేనెప్పుడు లేచానో నాకు తెలియదు. డ్రైవరు ఛాతీ మీద కూర్చుని, జుట్టు పట్టుకుని, తల నేలకేసి కొట్టాను. నోటి మీద గుద్దితే అతని పళ్లు నా పిడికిలికి గుచ్చుకున్నాయి. మేడం గారు అడ్డం వచ్చి "ఆపండి! ఆయన మీ మనిషే!" అని అరిచారు. నా మోచేయి తగిలి ఆమె ముక్కు పగిలింది. డ్రైవరు కదలడం మానేశాక కూడా కొట్టాను. ఆపాలని నాకు తెలుస్తూనే ఉంది. చేతులు నా మాట వినలేదు.

5. దానిమీదట తమ కార్యాలయం వారు మా ఇద్దరినీ హింసాప్రవృత్తి గలవారిగా నిర్ధారించి, పేర్లు కొట్టివేసి, ప్రవృత్తి శాంతించినట్లు మానసిక వైద్యుని ధ్రువపత్రం తెచ్చిన పిమ్మటనే చికిత్సకు రావలెనని ఉత్తరువిచ్చారు. జ్వరం తగ్గాక రా, మందిస్తాం అన్నట్టుంది. సదరు వైద్యుడు కూర్చునేది తమ ఓపీలోనే. ఓపీలోకి పోవాలంటే పేరు ఉండవలెను. నేను చదువుకున్నది తక్కువే గానీ, ఇది ఎలా కుదురుతుందో ఎవరైనా చెబితే తెలుసుకుంటాను.

6. ఓపీలో ఇచ్చే మాత్రలు ఆగిపోయాయి. సీసా మళ్లీ ఇంట్లోకి వచ్చింది. మొన్న ఆదివారం మధ్యాహ్నం తాగి, కూర్చున్నచోటే కునుకు తీస్తున్నాను. అన్నానికి లేపుదామని నా భార్య వెనకనుంచి భుజం తట్టింది. పెళ్లైన కొత్తలో అలాగే లేపేది. నాకు తెలివి వచ్చేసరికి ఆమె వంటగది గోడకు నొక్కుకుపోయి ఉంది. నా బొటనవేళ్లు ఆమె గొంతులో దిగి ఉన్నాయి. ఆమె కాళ్లు నేలకు అందడం లేదు. మా అమ్మాయి కుక్కరు మూతతో నా తల మీద బాదుతోంది. "వదులు నాన్నా! అమ్మ నాన్నా, అది అమ్మ!" వదిలాను. నా భార్య కిందపడి దగ్గి దగ్గి, గొంతు పెగలగానే కూతురితో అన్న మొదటి మాట: "ఏం లేదమ్మా, నాన్న నిద్రలో ఉన్నారు." ఇంకా నన్ను వెనకేసుకొస్తోందయ్యా. నేను తట్టుకోలేనిది అదే.

7. డ్రైవరు కోలుకుని మా ఇంటికి వచ్చాడు. ముందు పళ్లు లేవు. "అన్నా, ఆ కుర్చీ నువ్వే తీసుకో. నేను నిలబడతాలే" అన్నాడు. ఇద్దరం పట్టుకుని ఏడ్చాము. ఈ అర్జీలో అతని మాట కూడా ఉన్నట్లు భావింపవలెను.

కావున తాము దయతలచి మా ఇద్దరి పేర్లను తిరిగి చేర్పించి, కుర్చీలను పూర్వపు వరుసలో వేయించగలరు. మేడం గారికి నేను చేసినదానికి, ఆ కుర్చీ లాక్కుని డ్రైవరు చేత అటెండరుకు చేయించినదానికి జైలుకు పంపినా పోతాను. చికిత్స ఆపడం మాత్రం శిక్షగా వేయకండి. ఆ శిక్ష పడుతున్నది నాకు కాదు, మా ఇంట్లో ఆడవాళ్లకు.

కోపగించక, ఒక్కసారి ఆసాంతం చదివి చిత్తగించవలెను.

ఇప్పటివరకు ఏ ఉత్తరువునూ మీరని,
తమ విధేయుడు

తా.క. విచారణకు ఎవరినైనా పంపితే తలుపు తట్టవద్దని చెప్పండి. వీధిలోంచే పిలవమనండి. నా గది గడియ బయటనుంచి పెట్టి ఉంటుంది. పెట్టమన్నది నేనే. తియ్యాలా వద్దా అన్నది నా భార్య చెబుతుంది. ఆవిడ వద్దంటే తియ్యనివ్వకండి. లోపలినుంచి నేను బాగానే ఉన్నానని చెబుతాను, బతిమాలతాను, ఒట్లు వేస్తాను. నా మాట నమ్మకండయ్యా.