కోటుకి ఎడమ చెయ్యి

ఫిబ్రవరి 3

వ్యాసం అచ్చయింది. ‘మగవాడి ముస్తాబు: ఒక పాత మోసం.’ ఎడిటర్ ఒక్క ముక్క కూడా కొయ్యలేదు, వింతే. ఇస్త్రీ చొక్కా వాడి అబద్ధాన్ని నమ్మి, మాసిన చొక్కా వాడి నిజాన్ని గేటు బయట నిలబెట్టే లోకం ఇది అన్నాను. తప్పా? బ్యాంకులో, కోర్టులో, ఆస్పత్రిలో, ఎక్కడైనా ముందు కాలరు చూస్తారు, తర్వాతే మొహం. ఉద్యోగం కావాలంటే గడ్డం గీసుకో. మర్యాద కావాలంటే కోటు తొడుక్కో. ఎవడు పెట్టాడీ రూలు? క్రీములమ్మేవాడు, సెంట్లమ్మేవాడు.

చివరి వాక్యం నాకే ముద్దొచ్చింది. ‘దర్జీ అంటే మగవాడి అహంకారానికి కొలతలు తీసే గుమాస్తా.’ పొద్దుటినుంచీ ఫోన్లే. అందరూ ఆ వాక్యమే అప్పజెబుతున్నారు.

అక్క మాత్రం చెయ్యలేదు.

ఫిబ్రవరి 5

చేసింది. హలో కూడా లేదు. అసలే నీ నోరు, దానికి తోడు ఆ పెన్నొకటి, కోతికి కొబ్బరికాయ దొరికినట్టు అంది. బావ నలభై ఏళ్లుగా కోట్లు కుడుతున్న దర్జీ. రాసేటప్పుడు ఆ సంగతి గుర్తులేదని బొంకను. గుర్తుంది. కానీ నేను రాసింది మనుషుల మీద కాదు, సిస్టమ్ మీద. అదే చెప్పాను. సిస్టమ్‌కి సూది గుచ్చుకోదురా, మీ బావకి గుచ్చుకుంది అంది.

ఆయన నా వ్యాసాన్ని పేపర్లోంచి కత్తిరించి దుకాణంలో ట్రయల్ అద్దానికి అంటించాడట. కత్తిరించిన అంచులు ఎంత వంకరగా ఉన్నాయో వచ్చి చూడు అని ఏడ్చింది. అంచుల సంగతి ఎందుకు ఎత్తిందో అర్థం కాలేదు.

ఫిబ్రవరి 6

సిస్టమ్ వేరు, బావ వేరు. ఇంత చిన్న విషయం అక్క బుర్రకి ఎందుకు ఎక్కదు?

ఫిబ్రవరి 9

దుకాణానికి వెళ్లాను. వాదించడానికే వెళ్లాను, నాలుగు పాయింట్లు చీటీ మీద రాసుకుని మరీ.

వాదన జరగలేదు. బావ నన్ను చూసి కూర్చోమనలేదు, పొమ్మనలేదు. మెడలోని టేపు తీసి, చేతులెత్తు అన్నాడు. ఎత్తాను. రాసుకోవోయ్ గుమాస్తా, ఈయనగారి అహంకారం ఛాతీ దగ్గర నలభై ఒకటి, పొట్ట దగ్గర నలభై మూడున్నర అని తనకి తనే డిక్టేషన్ ఇచ్చుకున్నాడు. నవ్వొచ్చింది. ఆపుకున్నాను. అప్పుడు చూశాను ఆయన చేతుల్ని. టేపు చివర నా భుజం మీద నిలవడం లేదు. ఆకు వణికినట్టు వణుకుతోంది. ఒక్కో కొలతా మూడేసిసార్లు తీశాడు. అద్దం మీది నా వ్యాసం అంచులు రంపపు పళ్లలా ఉన్నాయి.

నెలాఖరుకి షటర్ దించేస్తున్నానన్నాడు. పైఅరలోంచి బూడిదరంగు గుడ్డ దించాడు. నా మొదటి పుస్తకం వచ్చినప్పుడు నా కోసం కొన్న గుడ్డ. ఇరవై రెండేళ్ల కిందటిది. అప్పుడు నేను కోటు వద్దని ఉపన్యాసమిచ్చి, రబ్బరు చెప్పులతో సభకి వెళ్లాను. కొయ్యకుండా దాచాడు. వద్దంటే ఇప్పుడే చెప్పు, దీంతో అక్కకి టీవీ మీద కప్పడానికి కవరు కుడతాను అన్నాడు.

చీటీ జేబులోనే ఉండిపోయింది.

ఫిబ్రవరి 10

అక్క అసలు సంగతి చెప్పింది. వణుకు తగ్గేది కాదని డాక్టరు తేల్చేశాడు. మూడు నెలలుగా బావ ఒక్క కోటూ పూర్తి చెయ్యలేకపోయాడు. ఇద్దరు పాత కస్టమర్లు గుడ్డ వెనక్కి పట్టుకుపోయారు. చివరి కోటు ఒక మనిషి ఒంటి మీద చూడకుండా తాళం వేస్తే ఆయన మళ్లీ మామూలు మనిషి కాడురా, నువ్వు నోరు మూసుకుని బొమ్మలా నిలబడు, అంతకంటే ఏమీ అడగను అంది.

నిలబడతాను. నోటి గురించి మాత్రం మాటివ్వలేదు.

ఫిబ్రవరి 14

డిబేట్‌కి పిలిచారు. 23న, టౌన్ హాల్లో. ‘మగవాడికి ముస్తాబు అవసరమా?’ అవతల సెంటుబాబు. మగవాళ్లకి గడ్డం నూనెలు, జేబురుమాలు మడతలు నేర్పి బతికే మనిషి. ఆయన లిఫ్టు దిగి వెళ్లిన పది నిమిషాల దాకా ఆ లిఫ్టులో ఊపిరాడదు. సరేనన్నాను. ఉతికి ఆరేస్తాను.

ఫిబ్రవరి 16

మొదటి ట్రయల్. కోటంతా తెల్లదారం చారలు. నేను గమనించనిది ఒకటి బావ గమనించాడు: నా ఎడమ భుజం కుడిదాని కంటే ముప్పాతిక అంగుళం కిందికి ఉంది. ముప్పై ఏళ్లు పుస్తకాల సంచీ మోసిన భుజమట. ఏ ఒళ్లూ సమంగా ఉండదోయ్, ఉన్నట్టు కనపడేలా చూసుకోవడమే మా గుమాస్తా పని అన్నాడు. వినిపించేట్టే అన్నాడు.

ఆ మాట జేబులోని చీటీ వెనక రాసుకున్నాను. తారీకు కూడా వేశాను.

గడ్డం కూడా ఒక అంగుళం పోయింది. అది కాలరు మీద పడితే నేను కుట్టిందెవడికి, మేకకా అన్నాడు. దీన్ని రాజీ అనను. హైజీన్ అంటాను.

ఫిబ్రవరి 23, మధ్యాహ్నం 3:30

కోటు తెచ్చేశాను. బావ అక్కతో ఆస్పత్రి చెకప్‌కి వెళ్లాడు. దుకాణం తాళం వాళ్ల ఇంట్లో మేకుకే ఉంటుంది. అటునుంచి అటే వాళ్లు హాలుకి వస్తారు. స్టేజి మీద నన్ను కోటులో చూసి బావ మొహం ఎలా ఉంటుందో చూడాలి. కోటు వేసుకుని కోటుని తిట్టడం ఎలా అంటారు. శత్రువు కత్తితోనే శత్రువుని పొడవడం అంటాను. సిద్ధాంతంలో లోపం లేదు.

ఎడమ చెయ్యి దగ్గర ఇంకా తెల్లదారాలు వేలాడుతున్నాయి. పాపం, చూపు ఆనలేదేమో, మర్చిపోయాడు. కనిపించినవన్నీ నేనే పీకేశాను. బ్రష్ కూడా కొట్టాను. అద్దంలో చూసుకున్నాను. రాయక తప్పదు: బాగున్నాను.

ఫిబ్రవరి 24, ఉదయం 6:10

నిద్ర పట్టలేదు. ఉన్నదున్నట్టు రాస్తాను.

సెంటుబాబు ముందు మాట్లాడాడు. ఒళ్లుని గౌరవించుకునేవాడే ఎదుటివాణ్ణి గౌరవిస్తాడన్నాడు. చివర్లో నావైపు తిరిగి, సార్ కోటు అద్భుతం, ఏ బ్రాండో చెబితే నా ప్రసంగం అక్కర్లేదు అన్నాడు. హాలంతా నవ్వింది. మూడో వరసలో బావ. అక్క ఆయన చెయ్యి పట్టుకుని ఉంది. ఆయన నవ్వడం లేదు. నా ఎడమ భుజాన్నే చూస్తున్నాడు. ఆ చూపులో ఉన్నది మురిపెం అనుకున్నాను. ఎంత గాడిదని!

మైకు అందుకున్నాను. బాగానే నడిచింది. మనిషికి విలువ చెమటతో వస్తుంది, సెంటుతో కాదు అంటూ అలవాటు కొద్దీ ఎడమ పిడికిలి పైకెత్తాను.

టప్. టప్ టప్. కోటు చెయ్యి భుజం దగ్గర ఊడి, నేను పిడికిలి దించగానే జారి, మోచేతిని దాటి ముంజేతి దగ్గర కుప్పపడింది.

హాలు పగలబడి నవ్వింది. వెనక వరసలో ఎవడో, ఎవడండీ ఆ దర్జీ, మా ఇంటి పక్కకి రానివ్వకండి అని అరిచాడు. నవ్వులు రెట్టింపయ్యాయి. బావ తలొంచుకున్నాడు. నలభై ఏళ్ల పనికి ఆ కేకే చివరి మాట అయ్యేట్టుంది.

అప్పుడు వెలిగింది నాకు. మర్చిపోయిన దారాలు కావు అవి. కుట్టు పడేదాకా చేతిని నిలబెట్టేవే అవి. కచ్చా కుట్లు. కోటు ఇంకా పూర్తి కాలేదు. నేను ఒక దొంగలాగా తెచ్చుకుని, సోకుకోసం దాని పట్టు తెంపేశాను.

మైకులో అదే చెప్పాను. కుట్టు తప్పు కాదు, నా తప్పు, దారాలు పీకింది నేను, ఈ కోటు కుట్టినాయన మూడో వరసలో ఉన్నాడు, మా బావ అన్నాను. నవ్వులు ఆగలేదు. కోటు విప్పి లోపలివైపు బయటికి తిప్పాను. అద్దం చూసుకునే హడావిడిలో గమనించలేదు, నేనూ అప్పుడే చూడటం. లైనింగ్ ఇంకా వెయ్యలేదు. రొమ్ము బిగువుకి లోపల వేసే కాన్వాస్ గుడ్డ నిండా కుట్లు, బియ్యపు గింజల్లో సగం సైజువి, వరసలు వరసలు, వెయ్యి ఉంటాయో రెండు వేలో. కొన్నిచోట్ల వణికిన కుట్టు పక్కనే విప్పి మళ్లీ వేసిన జాడ. పైనుంచి చూస్తే ఏమీ కనపడదు. కనపడకూడదనే వేశాడు.

శ్రమ గురించి పదకొండు పుస్తకాలు రాశాను. మా ఇంటి మనిషి శ్రమని ఒక్కసారీ తిరగేసి చూడలేదు. మూడో తారీకున నేను రాసిన చివరి వాక్యం తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను అన్నాను. మిగతా వ్యాసం వెనక్కి తీసుకోను అని కూడా అన్నాను. ఇప్పుడూ తీసుకోను.

హాలు చల్లబడింది. సెంటుబాబు కిందికి దిగి బావ దగ్గరికెళ్లి, ఇవన్నీ చేత్తోనేనా అండీ అని అడిగాడట. మరి కాలితోనా అన్నాడట బావ. ఆయన ఆ మాట అన్నాడని అక్క చెప్పినప్పుడు నాకు ఊపిరి వచ్చింది.

డిబేట్ సెంటుబాబే గెలిచాడు. జడ్జీలు ముగ్గురూ టై కట్టుకున్నారు, ఇంకేం రాస్తాం.

ఫిబ్రవరి 26

పొద్దున్నుంచీ దుకాణంలోనే. చెయ్యి ఎక్కించడం కోటు మొత్తంలో కష్టమైన పని అట. కుడి చెయ్యి ఆరు రోజులు పట్టిందట. ఎడమదాని దగ్గర సూది అసలు నిలవలేదు. అందుకే దారాల మీద వదిలేశాడు. వీధి చివరి దర్జీ వచ్చి పది నిమిషాల్లో కుట్టిపెడతానన్నాడు. బావ టీ ఇచ్చి పంపేశాడు.

తర్వాత సూది నా చేతికిచ్చాడు. నాకు బొత్తాం కుట్టడం కూడా రాదు. ఆ సంగతి పేపర్లో రాయలేదేం అన్నాడు. సుద్దతో చుక్కలు పెట్టాడు, గీతలు వంకరపోయాయి, వంకరని లెక్కలో వేసుకుని కుట్టమన్నాడు. మూడుసార్లు విప్పించాడు. ఒక్క వాక్యం నాలుగుసార్లు కొట్టి రాస్తావు కదా, ఇదీ అంతే, విప్పు అన్నాడు. వేలికి ఐదు పోట్లు. రక్తం గుడ్డకి అంటనిచ్చావంటే చంపుతా అన్నాడు. లైనింగ్ అక్క వేసింది. మా ఇద్దరి కంటే నయం అనిపించింది. బావా ఆ కుట్లని రెండుసార్లు తడిమి చూశాడు.

ఫిబ్రవరి 28, సాయంత్రం

కోటు తొడిగాడు. కాలరు సర్దాడు. అద్దం మీది వ్యాసం తీసి మడిచి నా లోపలి జేబులో పెట్టాడు.

నేను కుట్టిన చోట బిగుసుకుపోయి, ఎడమ చెయ్యి భుజం దాటి లేవడం లేదు. ఆయన చూశాడు. నేనూ చూశాను. బాగుందోయ్ అన్నాడు.

కుడి చేత్తో షటర్ దించాను.