శ్రీమంతం నాడు నీ పేరు

బచ్చన్నపేట,
ఆదివారం పొద్దుగాల

అక్కకు నీ మీద కోపం లేదు బావా. ముందుగాల గది చెప్పి, తర్వాత దండం పెడుతున్న. రాజేందర్ బావకు నమస్తే. భూపాలపల్లిల బొగ్గుబాయి దిగి ఎక్కుకుంట నువ్వు మంచిగున్నవనుకుంటున్న. ఇక్కడ అందరం మంచిగున్నం అని రాద్దామంటే చెయ్యి వస్తలేదు.

ఫోన్ల మాట్లాడాలంటే నాకు సిగ్గు, నీకెరుకే. బడి ఎప్పుడో బందు పెట్టిన, తప్పులుంటే సర్దుకొని చదువుకో.

శైలక్కకు ఆరో నెల స్కానింగ్ తీస్తే కడుపుల బిడ్డ మంచిగున్నదని చెప్పినం గద. గది నిజమే. పక్కన ఇంకోటి గూడ కనవడ్డది, గది చెప్పలే. అండాశయం మీద గడ్డ, నిమ్మకాయంత. జనగామ దవాఖానల డాక్టరమ్మ మళ్ల మళ్ల చూసింది. కాన్సర్ గాదు, కడుపుతోని ఉన్నోళ్లల్ల ఎక్కడో ఒకలకు వస్తది, కోసుడు అక్కర లేదు, కాన్పు అయినంక దానంతట అదే కరుగుతది అన్నది. గట్టిగ నొప్పి లేస్తే మాత్రం ఆగకుండ తీస్కరమ్మన్నది.

గని ఆ గడ్డల మొగోళ్ల హార్మోన్ తయారైతదట. అక్కకు మూతి మీద నూగు వచ్చింది. గొంతు బొంగురువోయి లావైంది. గొంతు మునుపటిలెక్క అయితదో కాదో చెప్పలేనన్నది డాక్టరమ్మ.

అవ్వ ఇనలే. ఎవలో ఏదో చేసిండ్రని మహబూబాబాద్ దాక పోయి తాయెత్తు తెచ్చి కట్టింది. వాడకట్టుల అడిగినోళ్లకు సర్ది అయిందని చెప్తాంది. పక్కింటి అంజమ్మ ఊకుంటదా. "గిదేం సర్దే, ముక్కు కారదు, తుమ్ము రాదు" అన్నది. నాకు నవ్వొచ్చింది. అక్క నవ్వలే.

ఒక్క కాడ కూసుంటలేదు బావా. వాకిట్లకు పోతది, లోపటికొస్తది, మళ్ల పోతది. కొంగు మూతికి అడ్డం పెట్టుకునే ఉంటది. శుక్రవారం మీవోళ్లొచ్చి శ్రీమంతం చేస్తరు గద. ఆడోళ్లంత గడప కాడ అడ్డం నిలబడి, పెనిమిటి పేరు చెప్తేనే లోపటికి రానిస్తం అంటరు. గదే భయం. నిన్న పత్తి పోసిన అర్రల తలుపేసుకొని రాజేందర్, రాజేందర్ అని అనుకుంటాంది. ఒకపాలి సన్నగ, ఒకపాలి గట్టిగ. నేను బయటనే నిలబడ్డ, దగ్గొచ్చినా ఆపుకున్న.

శ్రీమంతం వద్దని నీకు రాయమన్నది. నేను గట్ల రాస్తలేను.

ఇట్లు
నీ బామ్మర్ది అజయ్

ఇంకోటి బావా. గిది చెప్పొద్దని అక్క ఒట్టు పెట్టిచ్చుకున్నది. దీపావళి తెల్లారి నువ్వు ఫోన్ జేసి, "ఏంరా అజయ్, గొంతు మారిందే, మొగోనివైనవ్ రా. అక్కకియ్యి" అన్నవు. ఆ పొద్దు నేను చేన్ల ఉన్న. ఎత్తింది అక్కనే. అప్పటిసంది ఫోన్ ముట్టలే.

నువ్వు గురువారమే రా. గడప కాడ ఆ గొంతుతోనే నీ పేరు చెప్తే, నువ్వు పలుకుతవా బావా?