దడికి అవతలి మనిషి

కళింగపట్నం,
మార్చి 1968.

ఖరగపూర్‌లో ఉన్న మా ఆయన సుందరరావు గారికి,

కాంతం వందనములు. ఒంట్లో బాగానే ఉంది. మనసు సంగతి మీరు అడగలేదు కాబట్టి రాయకూడదనుకున్నాను గానీ, కాగితం ముందు కూర్చున్నాక ఊరుకోబుద్ధి కావడం లేదు.

ముందు మీ దడి సంగతి. మీరు రాసిన మద్ది గుంజలు ఈ సముద్రం ఒడ్డున ఎక్కడ దొరుకుతాయండీ? పాతపట్నం వైపు నుంచి బండి మీద రావాలట. సరుగుడు గుంజలే తీసుకున్నాను. మొదళ్ళు నల్లగా కాల్చి పాతితే చెద పట్టదని దడి కట్టే అసిరమ్మ చెప్పింది. వెదురు మాత్రం వెంటనే కొట్టనివ్వలేదు. "ఎన్నెల్లో కొట్టిన ఎదురు పుచ్చిపోతాదమ్మా, సీకటి రోజులు రానీ" అంది. సరే అని ఆగాను. ఆగడం నాకు కొత్త కాదు కదా. బడి నుంచి రావడం, గుంజలు కాల్చడం, ఆ పొగకి దగ్గుకుంటూ పడుకోవడం, తెల్లారి మళ్ళీ పిల్లల చేత ఎక్కాలు వల్లె వేయించడం. నాకిక ఓపిక లేదు.

ఓపిక తెచ్చుకుందామంటే మీ ఉత్తరాలు చూసి ఒళ్ళు మండుతోంది. పెళ్ళైన కొత్తలో కార్డు అంచుల దాకా రాసేవారు. ఇప్పుడు మూడే ముక్కలు, అవి కూడా కోడి కెలికినట్టున్నాయి. నాకు రాయడానికి మీకు అంత తొందరేమిటో. క్రిస్మస్‌కి సెలవు లేదన్నారు. చర్చిలో మీ డోలు మూలన పడి ఉంది. మీరు లేని పాటకి తాళం కుదరక అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ మూడు ముక్కల్లోనూ దడి గోలే. మనిషి కంటే ఎత్తుండాలి, వీధిలోంచి చూస్తే వాకిట్లో ఎవరూ కనపడకూడదు అని రెండు ఉత్తరాల్లో రాశారు. వాకిట్లో ఉండేది నేనొక్కదాన్నే. ఇన్నేళ్ళూ తుమ్మకంప సరిపోయింది, ఇప్పుడు ఎందుకు సరిపోలేదు? మొన్న ఆదివారం చర్చి మెట్ల దగ్గర పక్కింటి దానమ్మ అందరి ముందూ అడిగింది. "ఏటే కాంతం, మీ ఆయన సెవిలో ఎవులేటి ఊదేరే? అంతెత్తు దడి కట్టిస్తన్నాడు!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి గుంజల పక్కన కూర్చుని ఏడ్చాను. మీరేం విన్నారు? ఎవరు చెప్పారు? నన్ను అనుమానించేటంత తప్పు నేనేం చేశాను?

చీకటి రోజుల్లో కొట్టిన వెదురు బద్దలు తీసుకుని నిన్న అసిరమ్మ ఒక్కతే వచ్చింది. వాళ్ళాయన వేటకి పడవ మీద పోయాడట. "దడి ఒక్కరితో అవదమ్మా. నాను లోపల్నుంచి దబ్బనం గుచ్చితే అవతల ఎవులు లాగుతారు? మళ్ళీ ఇవతలికి ఎవులు గుచ్చుతారు? ఇది మొగుడూ పెళ్ళాం పనమ్మా" అంది. నా మొగుడు ఖరగపూర్‌లో ఉన్నాడు కదా. అందుకని నేనే వీధి వైపు కూర్చున్నాను. అసిరమ్మ తాడు పంపుతుంటే లాగుతూ, తిరిగి గుచ్చుతూ, నా ఇల్లు నాకే కనపడకుండా కుట్టుకుంటూ పోయాను. మొదటి వరస అయ్యేసరికి చేతులాడలేదు. రెండో వరస వద్దని పంపేశాను.

పాతపట్నంలో మా అన్నయ్య తన దగ్గరికి వచ్చేయమంటున్నాడు. అక్కడి బడిలో పని కూడా ఉందట. ఈస్టర్ దాకా చూస్తాను. మీరు వచ్చి నా మొహం చూసి మాట్లాడకపోతే వెళ్ళిపోతాను. దడి లోపల కాపలా పెట్టుకోవడానికి ఇంకెవరినైనా వెతుక్కోండి.

విసిగిపోయిన
మీ కాంతం

ఖరగపూర్,
మార్చి 1968.

కాంతానికి,

దడి నీ కోసం కాదు. నా కోసం.

క్రిస్మస్ ముందు కార్ఖానాలో నా కుడి చెయ్యి మిషన్లో పడింది. మణికట్టు పై దాకా తీసేశారు. సెలవు లేదని రాసినప్పుడు ఆసుపత్రిలో ఉన్నాను. నువ్వు తిట్టిన కోడి కెలుకుడు నా ఎడమ చేతిది. పలక కొనుక్కుని రోజూ దిద్దుతున్నాను. నీ బళ్ళో అయితే ఒకటో తరగతి కూడా దాటను.

పని పోయింది. ఇక ఇంటికే రావాలి. వాకిట్లో కూర్చుంటే వీధిన పోయే ప్రతివాడూ ఆగి చూస్తాడు. చర్చిలో డోలు అందుకోమంటారు. అందుకే అంత ఎత్తు అడిగాను. నిన్ను ఒక్కనాడూ అనుమానించలేదు. దానికి అలాంటి అర్థం వస్తుందని నాకు తట్టనే లేదు. నీకు చెప్పాలంటే సిగ్గేసింది, అంతే.

మీ అన్నయ్య దగ్గరికి వెళ్తానంటే వెళ్ళు. ఒంటి చేతివాడితో కాపురం చెయ్యమని అడిగే మొహం నాకు లేదు.

సుందరరావు

కళింగపట్నం,
ఏప్రిల్ 1968.

బుద్ధి లేని మా ఆయనకి,

మీ ఉత్తరం చదివి ఏడ్చాను. ఏడుపయ్యాక తిట్టాను. నాతో చెప్పకుండా ఇన్నాళ్ళు ఒక్కరే పడ్డందుకు కోపం ఇంకా పోలేదు, మీరొచ్చాక కూడా కొన్నాళ్ళు ఉంటుంది. రానని అన్నయ్యకి రాసేశాను. నాకు చాలా అలసటగా ఉంది, త్వరగా రండి.

అసిరమ్మని పిలిచి గుంజలూ బద్దలూ నడుమెత్తుకి కోయించేశాను. "ఏటమ్మా ఇది, మేకలకి తప్ప ఎవులికీ అడ్డం కాదు" అని మొత్తుకుంది. మేకలకి చాలన్నాను. చూసేవాళ్ళు నాలుగు రోజులు చూస్తారు. తర్వాత వాళ్ళకే విసుగొస్తుంది. దానమ్మకి మాత్రం వారం పట్టొచ్చు.

రెండో వరస కుట్టకుండా ఉంచాను. అవతల కూర్చునే మనిషికి రెండు చేతులూ ఉండాలా అని అసిరమ్మని అడిగాను. "దబ్బనం లాగి మళ్ళీ గుచ్చడానికి ఒక సెయ్యి సాలమ్మా. ముడి బిగించీది లోపలోళ్ళే" అంది.

ముడి నేను బిగిస్తాను. మీరు వీధి వైపు కూర్చోండి.

కాంతం